నెట్ లేని ల్యాప్‌టాప్‌కు వైఫై డ్రైవర్ ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. నా హెచ్‌పీ ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించడంతో పోయిన వారం పట్నంలో ఒక దుకాణంలో ఫార్మాట్ చేయించి, విండోస్ 11 వేయించాను. ఇంటికి తెచ్చి చూస్తే వైఫై గుర్తే కనిపించడం లేదు. దీనికి లాన్ కేబుల్ పెట్టుకునే చోటు కూడా లేదు. దుకాణానికి ఫోన్ చేస్తే వైఫై కార్డు పోయిందనీ, 2,500 రూపాయలు ఇస్తే కొత్తది వేస్తామనీ అన్నారు. పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అన్న పేరు పక్కన పసుపు గుర్తు ఉంది. డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుందని నా స్నేహితురాలు అంటోంది. నెట్ లేనిదే డ్రైవర్ రాదు, డ్రైవర్ లేనిదే నెట్ రాదు. నన్ను ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా ఒక మాట. కొత్త కార్డు కోసం ఇప్పుడే డబ్బు కట్టకండి. మీరు చివర్లో రాసిన ఆ పసుపు గుర్తు మీకు అనుకూలమైన సాక్ష్యం.

కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ మదర్‌బోర్డుకు తగిలించి ఉన్న పరికరాలన్నిటినీ ఒక్కొక్కటిగా పలకరిస్తుంది. పలికిన ప్రతి పరికరమూ తనను తయారుచేసిన సంస్థ సంఖ్యనూ, తన నమూనా సంఖ్యనూ అప్పజెబుతుంది. ఆ సంఖ్యలకు సరిపడే డ్రైవర్, అంటే ఆ పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాము, తన దగ్గర ఉంటే విండోస్ ఆ పరికరాన్ని అసలు పేరుతో ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ కింద చూపిస్తుంది. లేకపోతే ‘అదర్ డివైసెస్’ కిందికి నెట్టి, ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని ఒక సాధారణ పేరు తగిలించి, పసుపు గుర్తు పెడుతుంది. కార్డు పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఆ పేరు కూడా కనిపించేది కాదు. పలికినంత మాత్రాన కార్డులో ఏ లోపమూ లేదని పూచీ ఇవ్వలేము గానీ, డ్రైవర్ వేసి చూడకుండా కార్డు పోయిందని తేల్చడానికి మాత్రం ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఆ పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి చూడండి. అక్కడ కోడ్ 28 అని రాసి ఉంటే, ఈ పరికరానికి డ్రైవర్ వేయలేదని విండోసే ఒప్పుకుంటున్నట్టు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, విండోస్‌తో పాటు వచ్చే డ్రైవర్ల సంచయం ఆ కూర్పు తయారైన నాటిది. దుకాణాల్లో పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి ఎక్కించుకున్న కూర్పునే చాలాకాలం వాడుతూ ఉంటారు. ఆ తర్వాత మార్కెట్లోకి వచ్చిన వైఫై చిప్‌ల సంగతి దానికి తెలియదు. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు కంపెనీ వాళ్లే డ్రైవర్లన్నీ వేసి ఇచ్చారు కాబట్టి అప్పుడు ఈ సమస్య ఎదురుకాలేదు. ఫార్మాట్‌తో అవి పోయాయి.

ఇప్పుడు మీ కార్డు ఏదో తెలుసుకోండి. నెట్‌వర్క్ కంట్రోలర్ మీద కుడి క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’లోకి, అక్కడి నుంచి ‘డీటెయిల్స్’లోకి వెళ్లండి. ‘ప్రాపర్టీ’ అన్న జాబితాను తెరిచి ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకుంటే, చూడగానే తికమకపెట్టే పొడుగాటి పంక్తులు కొన్ని కనిపిస్తాయి. వాటిలో మీకు కావలసినవి రెండే. ‘వీఈఎన్’ అన్న మూడక్షరాల తర్వాత వచ్చే నాలుగు అంకెలూ అక్షరాలూ చిప్ తయారుచేసిన సంస్థవి: 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14సీ3 అయితే మీడియాటెక్, 168సీ అయితే క్వాల్‌కామ్ ఎథిరోస్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. ‘డీఈవీ’ తర్వాత వచ్చే నాలుగూ నమూనావి. ఉదాహరణకు తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే రియల్‌టెక్ 8821సీఈ కార్డు తనను 10ఈసీ, సీ821 అని చెప్పుకుంటుంది. అదే సంస్థకు చెందిన 8852బీఈ అయితే 10ఈసీ, బీ852 అంటుంది. ‘సబ్‌సిస్’ అన్న మాట తర్వాతి ఎనిమిదింటిలో చివరి నాలుగు 103సీ అని ఉంటే, ఆ కార్డు హెచ్‌పీ తన ల్యాప్‌టాప్‌ల కోసం తీసుకున్నదని అర్థం. ఈ పంక్తిని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. ఇకముందు ఎవరి దగ్గరికి వెళ్లినా, ఎక్కడ వెతికినా ఇదే పనికొస్తుంది.

నెట్ కోసం బయలుదేరేముందు మీ ల్యాప్‌టాప్‌లోనే ఒకచోట వెతకమంటాను. చాలామంది దీన్ని దాటేసి వెళ్లిపోతారు. దుకాణం వారు సీ డ్రైవ్‌ను చెరిపేయకుండా పాత విండోస్ మీదనే కొత్తది వేసి ఉంటే, పాతదంతా ‘విండోస్ డాట్ ఓల్డ్’ అన్న ఫోల్డర్‌లోకి చేరుతుంది. సీ డ్రైవ్ తెరిస్తే అది ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే మీ పాత వైఫై డ్రైవర్ కూడా అందులో ఉండే అవకాశం చాలా ఎక్కువ. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కంట్రోలర్ మీద కుడి క్లిక్ చేసి ‘అప్‌డేట్ డ్రైవర్’ నొక్కి, రెండో ఎంపికైన ‘బ్రౌజ్ మై కంప్యూటర్ ఫర్ డ్రైవర్స్’ తీసుకోండి. ‘బ్రౌజ్’ నొక్కి, విండోస్ డాట్ ఓల్డ్‌లోని విండోస్, దానిలోని సిస్టమ్32, దానిలోని డ్రైవర్‌స్టోర్, దానిలోని ఫైల్ రిపాజిటరీ అనే ఫోల్డర్‌ను చూపించి, ‘ఇన్‌క్లూడ్ సబ్‌ఫోల్డర్స్’ అన్న చోట టిక్ ఉండేలా చూసి ‘నెక్స్ట్’ నొక్కండి. ఆ ఫోల్డర్‌లో వందలాది డ్రైవర్లు ఉంటాయి కాబట్టి వెతకడానికి కొంత సమయం పడుతుంది. సరిపోయేది దొరికితే విండోస్ తనంతట తానే వేసుకుంటుంది, నెట్ అవసరమే రాదు. అయితే ఈ పాత ఫోల్డర్‌ను విండోస్ సాధారణంగా పది రోజులకు తీసివేస్తుంది. మీరు ఫార్మాట్ చేయించి వారమే అయిందన్నారు. అందువల్ల ఈ పని ఈ రోజే చేయండి. అలాగే సీ డ్రైవ్‌లో ‘ఎస్‌డబ్ల్యూసెటప్’ అన్న ఫోల్డర్ మిగిలి ఉందేమో కూడా చూడండి. హెచ్‌పీ తన డ్రైవర్ ఫైళ్లను విప్పి పెట్టేది అందులోనే.

సీ డ్రైవ్ పూర్తిగా చెరిపేసి ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు మీ చేతిలోని ఫోన్‌ను వాడుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే, ఆ ఫోన్ ల్యాప్‌టాప్‌కు లాన్ కార్డు లాగా కనిపిస్తుంది. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది కాబట్టి వైఫై కార్డు పనిచేయకపోయినా నెట్ వచ్చేస్తుంది. మామూలు హాట్‌స్పాట్ మీకు పనికిరాదు, ఎందుకంటే దాన్ని అందుకోవడానికి ల్యాప్‌టాప్‌లో వైఫై ఉండాలి. బ్లూటూత్ టెదరింగ్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి.

ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కు సంబంధించిన భాగంలో ‘హాట్‌స్పాట్ అండ్ టెదరింగ్’ ఉంటుంది. కొన్ని ఫోన్లలో పేరు కొద్దిగా మారవచ్చు. అందులో ‘యూఎస్‌బీ టెదరింగ్’ అన్న మీట కేబుల్ తగిలించేదాకా బూడిద రంగులో, నొక్కడానికి వీలు లేకుండా ఉంటుంది. కేబుల్ పెట్టిన తర్వాత కూడా అది అలాగే ఉండిపోతే, తప్పు మీ ఫోన్‌ది అనుకోవద్దు. బజారులో చవకగా దొరికే కేబుళ్లలో చాలావాటికి ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్‌తో ప్రయత్నించండి. మీట నొక్కిన కొద్దిసేపటికి ల్యాప్‌టాప్ అడుగున కుడివైపు భూగోళం గుర్తు పోయి, లాన్ గుర్తు వస్తుంది. ఫోన్‌లో మొబైల్ డేటా ఉంటే డేటా, ఫోన్ వైఫైకి కలిపి ఉంటే ఆ వైఫై, ఏది ఉంటే అది ఈ కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌కు చేరుతుంది. కాబట్టి కళాశాలలోనో స్నేహితురాలి ఇంట్లోనో వైఫై ఉంటే అక్కడ చేసుకోవడం మేలు. ఐఫోన్‌కు మాత్రం ఆపిల్ సంస్థ డ్రైవర్ ముందుగా ల్యాప్‌టాప్‌లో ఉండాలి కాబట్టి ఈ పనికి ఆండ్రాయిడ్ ఫోన్‌నే ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి.

నెట్ వచ్చిన మరుక్షణం విండోస్ తన అప్‌డేట్లన్నీ డౌన్‌లోడ్ చేసుకోవడం మొదలుపెడుతుంది, మీ రోజువారీ డేటా అరగంటలో ఖాళీ అయిపోవచ్చు. అందుకే ఫోన్ కలిపిన వెంటనే సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’లోకి, దానిలో ‘ఈథర్‌నెట్’లోకి వెళ్లి ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయండి. దీనివల్ల పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. డ్రైవర్లు కూడా వాటంతట అవి రావడం ఆగిపోతుంది. అయినా పరవాలేదు, మీకు కావలసినది ఒక్కటే డ్రైవర్, దాన్ని మీరే వెళ్లి తెచ్చుకుంటారు. డేటాకు కొదవ లేని చోట ఉంటే ఈ మీటను వదిలేసి, ‘విండోస్ అప్‌డేట్’లో ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కి, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోని ‘ఆప్షనల్ అప్‌డేట్స్’లో డ్రైవర్లు కనిపిస్తే టిక్ పెట్టి వేసుకోవచ్చు.

డ్రైవర్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. మొదటి చోటు మీ ల్యాప్‌టాప్ తయారీదారుదే. ల్యాప్‌టాప్ అడుగున అంటించిన చీటీ మీద, అది చెరిగిపోతే కొన్నప్పటి పెట్టె మీద, సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని హెచ్‌పీ సపోర్ట్ పేజీలో ఇస్తే మీ నమూనాకు చెందిన డ్రైవర్లు మాత్రమే వస్తాయి. డెల్ వారు దీనినే సర్వీస్ ట్యాగ్ అంటారు. లెనోవోకు కూడా సీరియల్ నంబరే. వచ్చిన జాబితాలో నెట్‌వర్క్ విభాగంలో ఒకే ల్యాప్‌టాప్‌కు ఇంటెల్‌దీ, రియల్‌టెక్‌దీ, మీడియాటెక్‌దీ అని రెండు మూడు వైఫై డ్రైవర్లు కనిపించవచ్చు, ఎందుకంటే ఒకే నమూనాలో వేర్వేరు కార్డులు పెట్టి అమ్ముతారు. మీరు ఫొటో తీసి ఉంచుకున్న పంక్తి ఇక్కడ అక్కరకు వస్తుంది. 10ఈసీ ఉంటే రియల్‌టెక్‌దే తీసుకోండి, మిగతావాటి జోలికి వెళ్లకండి.

అక్కడ దొరకకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ ఉంది. విండోస్ అప్‌డేట్ ద్వారా పంపే డ్రైవర్లనే ఫైళ్లుగా విడిగా ఇచ్చే చోటు ఇది. వెతికే పెట్టెలో ఆ హార్డ్‌వేర్ పంక్తిని మొదటి నుంచి ‘డీఈవీ’ తర్వాతి నాలుగు అక్షరాల దాకా ఉన్నదున్నట్టుగా రాస్తే, ఆ చిప్‌కు సరిపడే డ్రైవర్లు తేదీలతో సహా వస్తాయి. విండోస్ 11కు చెందిన వాటిలో కొత్తదాన్ని తీసుకోండి. అది ‘క్యాబ్’ ఫైలుగా దిగుతుంది. దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే లోపలి ఫైళ్లు కనిపిస్తాయి, అన్నిటినీ ఎంచుకుని కుడి క్లిక్‌తో ‘ఎక్స్‌ట్రాక్ట్’ చేసి ఒక కొత్త ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఈ రెండు చోట్లూ వదిలి, వెతుకులాటలో ముందుగా కనిపించే ‘అన్ని డ్రైవర్లూ ఒకే క్లిక్‌తో’ అనే ప్రోగ్రాముల వైపు మాత్రం దయచేసి వెళ్లకండి. వాటిలో చాలావరకు ల్యాప్‌టాప్‌ను పరిశీలించినట్టు చూపించి, బాగున్న డ్రైవర్లను కూడా పాతవని భయపెట్టి, డబ్బు అడుగుతాయి. కొన్ని మీరు అడగని ప్రోగ్రాములను వెంటబెట్టుకుని వస్తాయి. లోపించింది ఒక్క డ్రైవర్ అయినప్పుడు, ల్యాప్‌టాప్ మొత్తాన్ని ముక్కూమొహం తెలియని ప్రోగ్రాము చేతిలో పెట్టవలసిన అవసరం ఏముంది?

మీ ఊళ్లో సిగ్నల్ సరిగా లేక టెదరింగ్ సాగకపోతే ఫోన్‌నే పెన్‌డ్రైవ్‌గా వాడుకోవచ్చు. సిగ్నల్ ఉన్న చోట డ్రైవర్ ఫైలును ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటికి వచ్చాక కేబుల్‌తో కలిపి, ఫోన్ తెర మీద వచ్చే యూఎస్‌బీ నోటిఫికేషన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకుంటే, ఫోన్‌లోని ‘డౌన్‌లోడ్’ ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుంది. ఫైలును అక్కడి నుంచే నడపకుండా ముందు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి. నెట్ సెంటర్ నుంచో జిరాక్స్ దుకాణం నుంచో పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం మూడో దారి. దాన్ని చివరికి ఉంచడానికి కారణం ఉంది. రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీసే కంప్యూటర్లలో వైరస్‌లు ఎక్కువ, నెట్ లేని మీ ల్యాప్‌టాప్‌లో వైరస్‌లను అడ్డుకునే విండోస్ డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల సమాచారం అంది ఉండదు. తప్పనిసరి అయితే ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకువెళ్లండి. ఇంటికి వచ్చాక ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ‘వ్యూ’లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేసి చూడండి. మీరు పెట్టని షార్ట్‌కట్‌లు గానీ, ఫోల్డర్ బొమ్మతో ఉండి పేరు చివర ‘ఈఎక్స్ఈ’ అని ఉన్న ఫైళ్లు గానీ కనిపిస్తే వాటిని తెరవకండి.

ఇక వేసుకోవడం. హెచ్‌పీ నుంచి తెచ్చిన ఫైలు పేరు ‘ఎస్‌పీ’ అన్న అక్షరాలతో మొదలై అంకెలతో సాగుతుంది. దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి, అడిగిన వాటికి ఒప్పుకుంటూ పోతే చాలు, పూర్తయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేయండి. అది మధ్యలో ఏదో కారణం చెప్పి ఆగిపోయినా బెంగపడనక్కరలేదు. ఆగిపోయేలోపు అది తన ఫైళ్లను ఎస్‌డబ్ల్యూసెటప్ ఫోల్డర్‌లో విప్పి ఉంటే, డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్ అంటూ ఇంతకుముందు చెప్పిన వరసలోనే వెళ్లి ఆ ఫోల్డర్‌ను చూపించండి. క్యాటలాగ్ నుంచి తెచ్చిన వాటికి కూడా ఇదే పద్ధతి. డ్రైవర్‌కు గుండెకాయ ‘ఐఎన్ఎఫ్’ అని ముగిసే చిన్న ఫైలు; ఏ సంఖ్య ఉన్న పరికరానికి ఏ ఫైలు వేయాలో అందులో రాసి ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ నమూనా నాలుగు అక్షరాలను వెతికితే, ఆ డ్రైవర్ మీ కార్డుదా కాదా అన్నది వేయకముందే తెలిసిపోతుంది. డిజిటల్ సంతకం లేని డ్రైవర్ అని విండోస్ అభ్యంతరం చెబితే మాత్రం అక్కడితో ఆగండి. తయారీదారు నుంచి గానీ క్యాటలాగ్ నుంచి గానీ వచ్చిన డ్రైవర్‌కు ఆ అభ్యంతరం రాకూడదు. వచ్చిందంటే ఫైలు పాడైందో, వేరే చోటి నుంచి వచ్చిందో అయి ఉండాలి.

ఇదే చిక్కు మరికొందరికి ఇంకా ముందే, విండోస్ 11 మొదటిసారి పేరూ దేశమూ అడుగుతున్నప్పుడే ఎదురవుతుంది. నెట్‌కు కలిపితే గానీ ముందుకు వెళ్లనివ్వదు. అక్కడ కూడా ఫోన్ టెదరింగ్ పనిచేస్తుంది. ఇటీవలి కూర్పుల్లో ఆ తెర మీదనే ‘ఇన్‌స్టాల్ డ్రైవర్’ అన్న బటన్ కూడా ఉంటుంది, విప్పి పెట్టుకున్న డ్రైవర్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో చూపిస్తే సరిపోతుంది.

వైఫై వచ్చిన తర్వాత చేయవలసిన పని ఇంకొకటి ఉంది, దీన్ని వాయిదా వేయకండి. డీ డ్రైవ్‌లో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ ‘డ్రైవర్స్’ అని ఒక ఖాళీ ఫోల్డర్ తెరవండి. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి ‘టెర్మినల్ అడ్మిన్’ తెరిచి ఒక ఆదేశం రాయాలి. మొదట పి, ఎన్, పి, యు, టి, ఐ, ఎల్ అనే ఏడు ఇంగ్లిష్ అక్షరాలను కలిపి రాసి, ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి దానికి ఆనించి ‘ఎక్స్‌పోర్ట్’, చిన్న అడ్డగీత, ‘డ్రైవర్’ అని రాయండి. మళ్లీ ఖాళీ వదిలి నక్షత్రం గుర్తు, ఇంకొక ఖాళీ వదిలి మీ ఫోల్డర్ చిరునామా రాసి ఎంటర్ నొక్కండి. విండోస్‌తో పాటు రాకుండా విడిగా వేసిన డ్రైవర్లన్నీ ఆ ఫోల్డర్‌లోకి కాపీ అవుతాయి. ఇకమీదట ఎవరు ఫార్మాట్ చేసినా అప్‌డేట్ డ్రైవర్‌లో ఈ ఫోల్డర్‌ను చూపిస్తే చాలు. మీ స్నేహితురాళ్లలో ఎవరైనా ఫార్మాట్ చేయించబోతుంటే వాళ్ల చేత కూడా ముందే ఈ పని చేయించండి. ఫార్మాట్ చేసే దుకాణాల వారు తాము మొదలుపెట్టకముందే ఈ ఒక్క ఆదేశం నడిపి, ఆ ఫోల్డర్‌ను వినియోగదారుల చేతికి ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. డబ్బు తీసుకుని చేసే పనిలో ఇది భాగమే.

డ్రైవర్ పడిన తర్వాత కార్డు అసలు పేరు నెట్‌వర్క్ అడాప్టర్స్ కిందికి వచ్చి కూడా వైఫైలు కనిపించకపోతే, ముందుగా ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. హెచ్‌పీ కీబోర్డుల్లో పై వరసలో విమానం బొమ్మ ఉన్న మీట పొరపాటున నొక్కుకుపోవడం మామూలే. కార్డు పేరు పక్కన మళ్లీ పసుపు గుర్తు వచ్చి, కోడ్ 10 అని చూపిస్తే, కుడి క్లిక్‌తో ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ చేసి, ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేసి, ఒక తేదీ వెనకటి డ్రైవర్‌తో ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే కార్డు మీద అనుమానపడటంలో న్యాయం ఉంది. అటువంటి పరిస్థితిలో కూడా డబ్బు ఇచ్చేముందు ఆ హార్డ్‌వేర్ పంక్తినీ, కోడ్ సంఖ్యనూ, మీరు వేసిన డ్రైవర్ తేదీనీ నాకు రాసి పంపండి. ఆ మూడూ ఉంటే కార్డు మార్చాలా వద్దా అన్నది ఇక్కడి నుంచే చాలావరకు చెప్పగలను.